మొదటి తడి

6 మే 1968, సోమవారం

ఈ నోటుపుస్తకం మాస్టారు ఇచ్చాడు. నరసింగరావు మాస్టారు. ఆయనకి ఇరవై ఆరు. నాకు అరవై మూడు. రోజూ బజారుకెళ్ళి కంటికి నచ్చినవి చూసి ఇందులో రాయాలట. దాన్ని ఇన్‌స్పిరేషన్ అంటారట. ఆ ముక్క బోర్డు మీద ఇంగ్లీషులో రాసి పద్నాలుగు మంది చేతా పలికించాడు. నా వంతు వచ్చేసరికి నోరు పెగల్లేదు. ఏం ముసలాయనా, నువ్వు మూగవాడివా అన్నాడు. అందరూ నవ్వారు.

నువ్వు అన్నాడు. అది రాసుకుంటున్నాను.

ఈ వయసులో స్టూడెంటు అవ్వాలని నేను కోరుకోలేదు. పొందూరు పక్కన మాది చిన్న ఊరు. పదకొండు మగ్గాలు, నూలు వడికే ఆడవాళ్ళు నలభై మంది. మా సొసైటీకి పైనుంచి కాగితం వచ్చింది. కొత్త డిజైన్లు నేర్చినవాడు ఊళ్ళో ఒకడైనా ఉండాలి, సర్టిఫికెట్టు చూపించాలి, లేకపోతే పత్తి సప్లై ఆపేస్తామని. కుర్రవాళ్ళు గరివిడి ఫ్యాక్టరీకి పోయారు. మిగిలిన నేతగాళ్ళలో చదవడం రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఐదో క్లాసు. అందుకని నన్ను విజయనగరం ట్రైనింగ్ సెంటరుకి పంపారు.

పత్తి రాకపోతే నలభై రాట్నాలు ఆగిపోతాయి. అందులో ఒకటి నా భార్య నారాయణమ్మది.

7 మే, మంగళవారం

విజయనగరంలో మరదలు జగ్గమ్మ ఇంట్లో ఉంటున్నాను. నారాయణమ్మ చెల్లెలు. మొగుడు పోయి పదేళ్ళయింది. మామిడితాండ్ర చేసి గంటస్తంభం దగ్గర అమ్ముతుంది. మా ఇద్దరికీ సరిపడా మాటలు తనే మాట్లాడుతుంది. నోటుపుస్తకం చూసి, బజారు సూసి రాయడానికి నిన్ను గవర్నమెంటోళ్ళు పంపినారా బావా, నేను ముప్పై ఏళ్ళుగా అదే బజారు సూస్తన్నాను, నాకేటిస్తారు మరి, అంది.

8 మే

వంకాయలు చూశాను. మామూలు వంకాయలే.

9 మే, గురువారం

మాస్టారు అందరి పుస్తకాలూ అడిగాడు. నాది ఇంట్లో మర్చిపోయానన్నాను. కండువా కింద చేతిలోనే ఉంది. ఆయనకి చూపించడానికి రేపటినుంచి వేరే పుస్తకం పెడతాను. ఇది నాకు.

11 మే, శనివారం, మధ్యాహ్నం

చేపల బజారుకెళ్ళాను. ఇన్‌స్పిరేషన్ కోసం కాదు, వాలుగ చేప దవడ కోసం. మా ఆడవాళ్ళు పత్తి దువ్వేది ఆ దవడతోనే. సన్నటి పళ్ళు, దగ్గర దగ్గరగా. ఏ దువ్వెనా అంత మెత్తగా దువ్వదు. నారాయణమ్మ దగ్గరున్న దవడ అరిగిపోయింది. నేను బయల్దేరేటప్పుడు అదొక్కటే అడిగింది.

చేపలమ్మే ఒకామె ముందు పావుగంట నిలబడ్డాను. ఏటి కావాలి బాబూ, సూపులతో బేరమా, అంది. దవడ అన్నాను. దవడేటి, సేప ఒద్దా అంది. వద్దన్నాను. వరసలో ఉన్న వాళ్ళందర్నీ కేకేసింది. ఒసే, ఇటు సూడండే, ఈ తాతకి సేప ఒద్దట, పళ్ళు కావాలట, సొంత పళ్ళు ఊడిపోనాయి గావాల, అంది. బజారు బజారంతా నవ్వింది. నా చెవులు కాలిపోయాయి. చివరికి పెద్ద వాలుగ తల కోసి, దవడ ఊడదీసి, ఆకులో చుట్టి ఇచ్చింది. ఏమీ పుచ్చుకోలేదు. బాగా అతికించుకో తాతా అంది.

మాస్టారి పుస్తకంలో తామరపువ్వు చూశానని రాశాను.

13 మే, సోమవారం

జగ్గమ్మ ఇంట్లో పిల్లి ఉంది. అందుకని దవడను సంచిలో పెట్టుకుని క్లాసుకి తీసుకెళ్ళాను. మాస్టారు ముక్కు మూసుకుని, ఇది ట్రైనింగ్ సెంటరా, ఫిష్ మార్కెట్టా, బయట పెట్టిరా అన్నాడు. ఆయన ఒంటి మీద సన్నఖద్దరు లాల్చీ ఉంది. ఆ పత్తిని దేంతో దువ్వారనుకుంటున్నాడో. అడగాలనిపించింది. బయట పెట్టివచ్చాను.

తర్వాత ఎవరు నేసిన బట్ట వాళ్ళు చూపించమన్నాడు. నేను నా పంచె ముక్క చూపించాను. అటూ ఇటూ తిప్పాడు. ఇందులో డిజైన్ ఏది అన్నాడు. తెలుపు డిజైన్ కాదు, తెలుపంటే డిజైన్ లేకపోవడం అన్నాడు. అందరి చేతా రాయించాడు.

నలభై ఏడేళ్ళుగా నేను నేస్తున్నది ఏమీ లేకపోవడమట. ఆ లేకపోవడాన్ని ఉంగరంలోంచి దూర్చవచ్చు. అది ఆయనకి ఎవరు చెప్తారు? నేనైతే చెప్పలేదు.

17 మే, శుక్రవారం

మాస్టారు ఫారిన్ పుస్తకం తెచ్చాడు. అట్ట మీద దొరసాని. లోపలంతా గులాబీలు. ట్రేసింగ్ పేపరు వేసి గ్రాఫు మీదికి ఎక్కించమన్నాడు.

మరి మమ్మల్ని బజారుకి ఎందుకు పంపినట్టు? బజార్లో పనసతొనలున్నాయి. తాటిముంజలున్నాయి, ఒక్కో కాయకి మూడు కళ్ళు. జీడిపళ్ళున్నాయి, పిక్క బయట వేలాడేసుకుని. గంపలో పేర్చిన మునగకాడలున్నాయి, ఒక్కటి కూడా వంకర పోకుండా. పన్నెండు రోజులు తిరిగాను. గులాబీ ఒక్కటి కనపడలేదు.

పైగా అంత పువ్వు నేస్తే ఆ బరువుకి మా చేతినూలు ఆగదు. ఈ సంగతి చెబుదామని రెండుసార్లు లేచాను. మంచినీళ్ళు కావాలా అన్నాడు. వెళ్ళి తాగి వచ్చాను.

నా పక్కన కూర్చునేది ఎల్లాజీ, రాజాం కుర్రాడు. నా గ్రాఫు చూసి, తాతా, నీ గులాబి కేబేజీనాగున్నాదే అన్నాడు. నిజమే, అలాగే ఉంది.

20 మే, సోమవారం, ఉదయం ఆరు

క్లాసుకి వెళ్ళకముందే రాస్తున్నాను, మర్చిపోతానేమోనని.

జగ్గమ్మ పెరట్లో తాటాకు చాపలు పరిచి తాండ్ర వేస్తుంది. మామిడిరసంలో బెల్లం కలిపి చాప మీద పలచగా పూస్తుంది. అది ఎండాక మర్నాడు దాని మీద ఇంకో పూత. అలా పాతిక, ముప్పై పూతలు. ఇవాళ ఎండిన చాప ఒకటి తిరగేసి తాండ్ర ఒలిచింది. అడుగుముక్క నాకిచ్చి తినమంది.

తినలేదు. దాని వెనక చాప అచ్చు పడి ఉంది. ఆకు రెండిటి మీంచి పోయి, రెండిటి కిందకి దూరి, పక్క వరసలో ఒక్క అడుగు జరిగి, మళ్ళీ రెండిటి మీంచి. ఏటవాలుగా మెట్లు మెట్లుగా. ఎండకి ఎదురుగా పట్టుకున్నాను. పలచని చోట తేనెలా, దళసరి చోట చెక్కలా. మెట్లన్నీ వెలిగాయి.

నలభై ఏడేళ్ళు ఒకటి పైకి ఒకటి కిందికి నేశాను. చాప మీద పుట్టాను. చాప మీద పడుకుంటున్నాను. ఇది కూడా నేతే కదా, ఏనాడూ చదవలేదు.

తాండ్ర తినాలి బావా, సదవకూడదు, అంది జగ్గమ్మ.

21 మే

ముక్క ఇంకా తినలేదు. చీమలు పట్టాయి. దులిపాను.

23 మే, గురువారం

చాపను గ్రాఫు మీద వేశాను. రెండు గళ్ళు నలుపు, రెండు గళ్ళు ఖాళీ. గులాబీ కంటే సులువు. మాస్టారికి చూపించాను. చాపా అన్నాడు. ఇన్‌స్పిరేషన్ అంటే పడుకోవడం కాదు ముసలాయనా అన్నాడు. మళ్ళీ నవ్వులు. ఆయన చమత్కారానికి నేను ఒక్కణ్ణే ముడిసరుకు.

తర్వాత బోర్డు మీద రాశాడు. వచ్చే నెల పన్నెండో తేదీకి తలో రెండు గజాల శాంపిల్. పదిహేనున పెద్ద ఆఫీసరు వచ్చి చూస్తారు. పాసయితే సర్టిఫికెట్టు. కాకపోతే లేదు.

నేను చాపే నేస్తాను.

25 మే, శనివారం

రంగు అద్దకూడదని నిశ్చయించుకున్నాను. నిలువు పడుగు తెల్లపత్తి నూలు, అడ్డం పేక ఎర్రపత్తి నూలు. ఎర్రపత్తి పేరుకే ఎరుపు. వడికినప్పుడు తెలుపుకీ దానికీ తేడా పోల్చలేం. గంజి పట్టించాక అసలు తెలీదు. చౌడు వేసి ఉడకబెట్టి ఉతికితే అప్పుడు బయటికొస్తుంది. ఉతికినకొద్దీ ముదురుతుంది. ఏ రంగైనా ఉతికితే వెలుస్తుంది, ఇదొక్కటీ పెరుగుతుంది. మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. ఎందుకు రాస్తున్నానో.

నూలు పంపమని నారాయణమ్మకి కార్డు రాశాను.

31 మే, శుక్రవారం

మా సొసైటీ గుమాస్తా గంగులు పాసింజరులో వచ్చి నూలు ఇచ్చాడు. నారాయణమ్మ కబురు కూడా మోసుకొచ్చాడు. ఇంట్లో ఉన్న ఎర్ర నూలంతా ఇదేనట. ఇంక వడకడానికి గుప్పెడు పత్తి లేదట. పాడుసేసినావంటే ఇంటికి రావొద్దు, సెల్లి దగ్గరే తాండ్ర అమ్ముకోమని సెప్పు, అందట. గంగులు ఆ మాట క్లాసు గుమ్మంలో నిలబడి అందరికీ వినపడేలా చెప్పాడు.

నూలు చేతిలో పెట్టుకుని చూశాను. ఎక్కడా ఒక ముడి లేదు.

5 జూన్, బుధవారం

చాప నేతకి నాలుగు తొక్కుడు పలకలు కావాలి. మా మగ్గాలకి రెండే. సెంటర్లో నాలుగు పలకల మగ్గం ఉంది. ఆ ఒక్క విషయంలో సెంటరుకి దణ్ణం పెట్టాలి. కాళ్ళు మాట వినడం లేదు. కుడి ఎడమలకి అలవాటు పడిన కాళ్ళకి నాలుగు దిక్కులు చూపించినట్టుంది. ఎల్లాజీ వచ్చి, తాతా, నేతా, డేన్సా అన్నాడు. కాసేపు నిలబడి తనే వరస లెక్క పెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ లెక్క మీద కాళ్ళు కుదిరాయి. మంచి కుర్రాడు. గులాబీలు నేస్తున్నాడు పాపం.

10 జూన్, సోమవారం

మగ్గం మీంచి బట్ట కోశాను. రెండు గజాలు.

12 జూన్, బుధవారం

శాంపిల్ ఇచ్చాను. మాస్టారు బల్ల మీద పరిచాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. డిజైన్ ఏది అన్నాడు. నేను గ్రాఫు చూపించాను. గ్రాఫులో ఉంది, బట్టలో ఏది అన్నాడు. గంజితో అట్టలా ఉన్న బట్ట. తెలుపు మీద తెలుపు. ఆరు వారాలు ట్రైనింగ్ ఇస్తే మళ్ళీ అదే తెల్లగుడ్డ తెచ్చావా, నాతో వేళాకోళమా, మీ ఊళ్ళో నీకంటే తెలివైనవాడు దొరకలేదా అన్నాడు. బట్టను ఎత్తి అందరికీ చూపించాడు. ఒక మూల పట్టుకుని, ఎలకను తోక పట్టుకుని ఎత్తినట్టు.

ఉతకలేదు కాబట్టి కనపడదు. అంతే సంగతి. అది ఎవరికైనా తెలుస్తుందనుకున్నాను. బట్టల మాస్టారికి తెలియదని ఎలా అనుకుంటాను?

ఉతకండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. నాలిక కొస దాకా వచ్చింది. ఆయన బల్ల గుద్దాడు. అది మళ్ళీ లోపలికి పోయింది. నా మీద నాకే ఒళ్ళు మండుతోంది. ఆయన మీద అంతకంటే.

13 జూన్, గురువారం

జగ్గమ్మతో పోట్లాడాను. పోట్లాడ్డం నా జన్మలో ఇదే.

సంగతంతా విని, ఓసోస్, ఇంతేనా, ఆ శాంపిలు అడిగి పట్రా, ఇప్పుడే సౌడులో ఉడకేసి ఉతికి ఇస్తాను, అంది. పట్టుకొచ్చాను. కుండ పొయ్యి మీద పెట్టింది. బట్ట అందుకుంది. లాక్కున్నాను.

మా ఇంట్లో నేసినవాడు బట్ట తడపడు. మా తాత తడపలేదు, మా నాన్న తడపలేదు. మగ్గం మీద కోసింది కోసినట్టే ఇస్తాం. మొదటి తడి కట్టుకునేవాళ్ళది. ఆ నీళ్ళతో బట్ట నేతగాణ్ణి వదిలి వాళ్ళ మనిషి అవుతుంది. నారాయణమ్మకి పెళ్ళిచీర నేనే నేశాను. అది కూడా తనే తడుపుకుంది.

జగ్గమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది. నలభై మంది ఆడోళ్ళు ఏటి తింటారు బావా, మీ తాత తడపనేదని తింటారా, అంది. తడపనివ్వను అన్నాను. అరిచాను కూడా. పోనీ నోరిప్పి సెప్పు ఆ మాస్టరుకి, తడపవూ, సెప్పవూ, నీనాంటోడితో మా అక్క ఎలాగేగిందో, అంది.

కుండ దింపేసింది. ఇద్దరం అన్నం తినలేదు.

14 జూన్

బట్ట తిరిగి ఇచ్చేశాను. రేపు చెబుతాను. నాలుగే మాటలు. అమ్మా, ఇది ఉతికితే కనపడుతుంది. వీధిలో నడుస్తూ ఇరవైసార్లు అనుకున్నాను. ఆఫీసరు ఆడమనిషి అని ఎల్లాజీ చెప్పాడు.

15 జూన్, శనివారం, సాయంత్రం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆఫీసరు పేరు దేవమణి గారు. యాభై ఉంటాయి. తెల్లఖద్దరు చీర, కళ్ళజోడు. బల్లల మీద పద్నాలుగు శాంపిళ్ళు. పదమూడింటి మీద గులాబీలు. ఆవిడ ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చింది. నా దగ్గర ఆగింది. మీది ఏ ఊరండీ అంది. మీరు అంది. ఆరు వారాల్లో ఆ మాట ఈ హాల్లో ఇదే మొదటిసారి. దాంతో నేను దాచుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. ఊరి పేరు చెప్పగలిగాను.

మాస్టారు అందుకున్నాడు. మేడం, ఈయన ఓల్డ్ మేన్, ఏమీ చెయ్యలేదు, ఫెయిల్ రాశాను అన్నాడు. ఆవిడ గ్రాఫు చూసింది. చాప కదూ అంది. బట్ట చూసింది. ఇందులో ఎక్కడుందండీ అంది.

నా నోట్లోంచి వచ్చింది ఇది: అమ్మా, ఇది తమరు ఉతకండి.

ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారు ఎర్రబడిపోయాడు. మేడంగారు నీ బట్టలుతకాలా, ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా, క్షమాపణ చెప్పు అన్నాడు. చెప్పమని ఎల్లాజీ కాలు తొక్కాడు. నేను చెప్పలేదు. భయం వల్ల కాదు. చెయ్యని తప్పుకి ఎందుకు చెప్పాలి? ఎవరు కట్టుకుంటారో వాళ్ళనే ఉతకమన్నాను. అది మర్యాద. ఆవిడకి నా బట్ట ఇచ్చాను, అది తెలియదా వీళ్ళకి?

ఆవిడ నవ్వలేదు. బట్టను నాలుగు మడతలు పెట్టి తన సంచిలో వేసుకుంది. తర్వాతి బల్లకి వెళ్ళింది.

పదమూడు మందికి సర్టిఫికెట్లు ఇచ్చారు.

17 జూన్, సోమవారం

ఊరికి వచ్చాను. జగ్గమ్మ స్టేషను దాకా వచ్చి తాండ్ర చుట్ట ఒకటి సంచిలో పెట్టింది. అక్క తిడతాది, తిట్లు తిను, తర్వాత ఇది తిను, అంది.

నారాయణమ్మ తిట్టలేదు. దవడ చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో పళ్ళు తడిమింది. మంచిదే తెచ్చినావు, దువ్వడానికి ఏటున్నాది, అంది. చూరులో చెక్కింది.

24 జూన్

వడికే ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి గుమ్మంలో నిలబడుతున్నారు. అడగరు. చూసి వెళ్తారు. అడిగితే బాగుండును.

లక్ష్మణమ్మ అనే ముసలామె ఒక్కతే అడిగింది. నువ్వు సదువుకున్నోడివని పంపినాం, సోములూ, ఒక్క ముక్క సెప్పలేకపోనావా అంది. ఆవిడ నాకంటే పదేళ్ళు పెద్ద. నిజమే అడిగింది. అయినా కోపం వచ్చింది. గులాబీలు నేసి తేవలసింది అనుకుంటున్నారు వీళ్ళు. వీళ్ళు కూడా!

2 జూలై, మంగళవారం

వాన. గంగులు చెప్పాడు, పత్తి ఇచ్చే ఊళ్ళ కొత్త లిస్టులో మా ఊరి పేరు లేదట. రాజాం ఉందట. ఎల్లాజీ గులాబీలు పాసయ్యాయి. మనిషి మీద కోపం లేదు. పువ్వు మీద ఉంది.

9 జూలై

వీధిలో రాట్నం చప్పుడు లేదు. వాన వెలిస్తే తెలుస్తోంది. నా చిన్నతనం నుంచీ ఈ వీధి ఇంత నిశ్శబ్దంగా ఉండడం ఎరగను.

మధ్యాహ్నం నారాయణమ్మ పక్కన కూర్చుని అన్నీ చెప్పాను. తాండ్ర, చాప, నాలుగు పలకలు, ఆవిడ సంచి. ఒకేసారి ఇన్ని మాటలు నేను మాట్లాడ్డం పెళ్ళయ్యాక ఇదే. అంతా విని, సెల్లి తడిపేస్తానంటే ఎందుకు తడపనివ్వనేదు, అంది. చెప్పాను. సరే, నా సీరా నువ్వు తడపనేదు, అంది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

19 జూలై, శుక్రవారం

కార్డు వచ్చింది. సోములు గారికి అని ఉంది. రెండే వరసలు.

మూడుసార్లు ఉతికాను. చాప ఇంకా ముదురుతోంది. దేవమణి.

సొసైటీకి వేరే కవరు వచ్చిందట. పత్తి వస్తోందని గంగులు వీధిలో అరుస్తూ తిరుగుతున్నాడు. నారాయణమ్మ చూరులోంచి దవడ తీసి, కడిగి, ఎండలో పెట్టింది.